యోహానెస్‌కి ఇద్దరమ్మలు

"మీ జర్మన్లు కాస్త లేస్తే ఇడ్లీలు పెడతాను," అంది ప్రమోద, రెండు చేతుల్లో రెండు ప్లేట్లతో నిలబడి.

ఆదిశేషు తల ఎత్తలేదు. ఫ్రీమాంట్‌లోని ఆ ఇంటి డైనింగ్ టేబుల్ మీద కొన్ని నెలలుగా కోడలు క్రిస్టీన్ పూర్వీకులే కాపురం ఉంటున్నారు. రెండున్నర శతాబ్దాల కిందట రష్యా రాణి భూములిస్తానని పిలిస్తే జర్మనీ వదిలి, వోల్గా నది ఒడ్డున ఊళ్ళు కట్టుకున్న రైతులు వాళ్ళు. వాళ్ళ వారసులు మళ్ళీ మూటలు సర్దుకుని కాలిఫోర్నియా వచ్చి, ఫ్రెస్నో ద్రాక్షతోటల్లో పనికి కుదిరారు. ఆ వంశమంతా ఇప్పుడు ఒక పొడవాటి కాగితం మీద, ఆదిశేషు ఇంజనీరు చేతిరాతలో, పెట్టెలూ గీతలూ అయి కూర్చుంది.

"ముప్పై ఏళ్ళ దాకా పన్ను కట్టే పనే లేదుట వాళ్ళకి, తెలుసా?" అన్నాడు.

"మనం హెచ్‌వన్ వీసా కోసం పడిగాపులు కాశాం. వాళ్ళని రాణిగారే పిలిచింది. రాసిపెట్టి పుట్టారు. ముందు ఆ కాగితం జరపండి, చట్నీ పడిందంటే నాలుగు తరాలు కొట్టుకుపోతాయి."

ఆ మధ్యాహ్నమే ఫ్రెస్నోలో క్రిస్టీన్ వాళ్ళ బంధువులంతా కలుస్తున్నారు. చార్టు అక్కడ గోడకి ఎక్కాలి. కోడలు ఊరికే అడిగిన చిన్న సాయాన్ని ఆదిశేషు, రిటైరయ్యాక దొరికిన ఉద్యోగంలా పట్టుకున్నాడు. పాత చర్చి రికార్డులు చదివాడు. అందులోని కోడిగీతల జర్మన్ రాతని కూడబలుక్కోవడం నేర్చుకున్నాడు. పరాయివాళ్ళ తాతముత్తాతల మధ్య అతనికి ఎందుకో హాయిగా ఉండేది. వాళ్ళని ఎంత తవ్వినా తన గుండెలో ఏదీ కదలదు.

చార్టు అడుగున ఒక ఖాళీ పెట్టె ఉంది. క్రిస్టీన్ కడుపులో ఉన్న బిడ్డది అది. దానికి ఎడమవైపు జర్మన్లు అడవిలా పైకి పాకారు. కుడివైపు కొడుకు ఉదయ్, అతని పైన ఆదిశేషు, ప్రమోద. ప్రమోద నెత్తిన ఆవిడ పుట్టింటివాళ్ళు బారులు తీరారు. ఆదిశేషు పైన మాత్రం తెల్ల కాగితమే.

క్రిస్టీన్ పాలగ్లాసు పట్టుకుని వచ్చింది. వెనకే ఉదయ్, కారు తాళాలు ఆడిస్తూ. ఆమె వేలు చార్టు మీద మెల్లగా పైకి జరిగి, ఒకచోట ఆగింది.

"మామయ్యా, యోహానెస్ వాళ్ళ అమ్మ ఏది?"

"అదిగో. మార్గరెటా."

"ఆమె పెంచిన అమ్మ. కన్న అమ్మ పేరు 'అన్నా' కదా? మార్చ్‌లో మీరే కనిపెట్టారు. నాకు కాల్ చేసి ఎంత అరిచారు! మీటింగ్‌లో అందరికీ వినపడింది."

యోహానెస్ తల్లిదండ్రులు రష్యా చేరే దారిలోనే జ్వరంతో పోయారు. అదే ప్రయాణంలో ఉన్న ఒక జంట ఆ పసివాణ్ణి తమతో తీసుకెళ్ళి పెంచుకుంది. కన్నవాళ్ళ పేర్లు వెతకడానికి ఆదిశేషుకి చలికాలమంతా పట్టింది. తీరా దొరికాక రాయలేదు.

"పెంచినవాళ్ళే తల్లిదండ్రులమ్మా. అయినా చార్టులో చోటు చాల్లేదు."

"చోటా?" అంది ప్రమోద. "మీ నెత్తి మీద బోలెడు చోటు ఖాళీగా పడి ఉందిగా!"

ఉదయ్ నవ్వాడు. "అవును నాన్నా, మన సైడ్ ఎందుకు బ్లాంక్‌గా వదిలేశారు? తాతయ్య, నానమ్మ పేర్లు నాకు తెలుసు. ఇటివ్వండి, నేను రాస్తా."

"ముట్టుకోకు!"

ఆ గొంతు విని ఆదిశేషే ఉలిక్కిపడ్డాడు. ఉదయ్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. క్రిస్టీన్ గ్లాసు కింద పెట్టి, తన కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"నేను అర్థం కాలేదు మామయ్యా. ఈ బేబీకి ఒక సైడే ఉంటుందా?"

ఆమె తెలుగులో తప్పు ఎవరికీ వినపడలేదు. ప్రమోద కుర్చీ లాక్కుని భర్త ఎదురుగా కూర్చుంది.

"పెళ్ళయినప్పటి నుంచీ నోరు మూసుకునే ఉన్నాను. ఇవాళ మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"ఇప్పుడెందుకే అదంతా?"

"ఇప్పుడు కాకపోతే రేపు ఆ పుట్టబోయేది అడుగుతుంది. దాని మీద కూడా ఇలాగే అరుస్తారా?"

ఆదిశేషు పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"రాజమండ్రి నానమ్మ ఉంది కదరా," అన్నాడు కొడుకుతో. "మా సుభద్ర పిన్ని. నన్ను కన్నది ఆవిడే."

ఉదయ్ కూర్చోబోయి, కుర్చీ ఎక్కడుందో చూసుకుని మరీ కూర్చున్నాడు.

"మా అమ్మకి పిల్లల్లేరు. చెల్లెలి కొడుకుని దత్తత తెచ్చుకుంది. అప్పుడు నాకు ఐదేళ్ళు. ఇకనుంచి నేనే అమ్మని, ఆవిడ పిన్ని అని చెప్పింది. ఒకరోజు ఇద్దరూ వరండాలో కూర్చుని ఉన్నారు. నేను 'అమ్మా' అంటూ పరిగెత్తుకొచ్చాను. ఇద్దరూ తిరిగారు. నేను పోయి పిన్ని ఒళ్ళో పడ్డాను. పిన్ని మొహం వెలిగిపోయింది. అమ్మ లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది."

అతను కాగితం అంచు మడత సవరించాడు.

"మళ్ళీ ఎప్పుడూ పొరపాటు చెయ్యలేదు. ఇప్పుడు రాయమంటే చెయ్యి ఆడదురా. ఒకరి పేరు రాస్తే రెండో ఆవిడ లేచి వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది."

"మరి ఆవిడ? ఇన్నేళ్ళూ వీడియో కాల్‌లో మనతో జోకులేస్తూ... ఒక్కసారి కూడా అనలేదా?" అన్నాడు ఉదయ్.

"ఆవిడకీ చెప్పే ఉంటారు కదరా, అనొద్దని."

ఇడ్లీలు చల్లారిపోయాయి. ఎవరూ వాటి జోలికి పోలేదు. ఆదిశేషు స్కేలు తీసుకుని, కోడలివైపు తిరిగి, లెక్క తప్పిన విద్యార్థిలా అడిగాడు.

"మీ వాళ్ళు ఇలాంటప్పుడు చుక్కల గీత వేస్తారని చదివాను. ఎవరికి వెయ్యనమ్మా చుక్కలు? కన్నావిడకా, పెంచినావిడకా?"

క్రిస్టీన్ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"మా గ్రాండ్‌మా చెప్తుంది. ఫస్ట్ వింటర్‌లో చాలామంది చచ్చిపోయారు. ప్రతి ఇంట్లో వేరేవాళ్ళ పిల్లలు ఉన్నారు. డాట్స్ వేస్తే చార్ట్ మొత్తం డాట్సే, మామయ్యా! రెండూ సాలిడ్‌గా వేసేయండి. పేపర్ చాలకపోతే నేను అతికిస్తా."

ఆమె టేపు తెచ్చింది. ఉదయ్ కాగితం పట్టుకున్నాడు. ముందు యోహానెస్ పైన అన్నా పేరు, ఆమె భర్త పేరు చేరాయి. తర్వాత ఆదిశేషు తన పెట్టె మీద ఒక నిలువు గీత గీసి, తనని పెంచిన కాంతమ్మ పేరు రాశాడు. కాస్త ఆగి, అంతే మందంగా ఇంకో గీత గీసి, సుభద్ర అని రాశాడు. కాంతమ్మ పేరు ఎక్కడికీ వెళ్ళలేదు. సిరా కూడా చెదరకుండా అక్కడే ఉంది. దానివైపు అతను పదేపదే చూసుకున్నాడు.

"మరి తాతయ్యలు?" అన్నాడు ఉదయ్.

"వాళ్ళకేం తొందర, కారెక్కేలోపు నాన్న రాస్తార్లే," అంటూ ప్రమోద తన ఫోను భర్త చేతిలో పెట్టింది. అప్పటికే అవతల మోగుతోంది.

"ఏం చేశావే?"

"కాగితం మీద రాస్తే ఆవిడకి వినపడుతుందా? మాట్లాడండి."

"ఎవరూ?" తొంభైకి దగ్గరపడ్డ సుభద్ర గొంతు, ఇంకా గదమాయింపు తగ్గలేదు. "శేషూ, నువ్వేనా? పడుకోబోతున్నాను. కోడలు పిల్ల ఎలా ఉంది? ఆ జర్మనీవాళ్ళ పని అయిందా?"

ఆదిశేషు ఫోను చెవికి ఆనించుకున్నాడు. ముగ్గురూ తననే చూస్తున్నారని తెలిసి గోడవైపు తిరిగాడు.

"అమ్మా," అన్నాడు.

లైను పోయిందేమోనని ఫోను తెర చూసుకున్నాడు. పోలేదు.

"ఎవర్నిరా పిలిచావు? అక్కయ్య పోయి ఎన్నేళ్ళయింది..."

"నిన్నే."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, గాజుల చప్పుడు, దుప్పటి తోసేసిన చప్పుడు.

"ఆగు ఆగు, పెట్టెయ్యకు," అంది ఆవిడ హడావుడిగా. "ఈ చెవి నాకు సరిగ్గా పనిచెయ్యదు. మంచి చెవి దగ్గర పెట్టుకుంటున్నా... ఆఁ, పెట్టుకున్నాను. ఇప్పుడు అను నాన్నా."