ఏడో రాయి గూడు

కందుకపురంలో కేకలు ఆగిపోయి నెల దాటింది. ఎత్తున కట్టిన వెదురుబుట్టలో బంతి వేసే ఆట కోసమే బతికే ఊరు అది. ఇప్పుడు ఆటస్థలంలో గడ్డి మొలిచింది. తల్లులు పిల్లల్ని సైగలతో పిలుచుకుంటున్నారు.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. గెలిచిన జట్టుకు రాజుగారు ఏడు రాళ్ల బంగారు ఉంగరం ఒకటి బహూకరిస్తారు. అభిమానులు ఇత్తడితో దాని నకళ్లు చేయించి, లోపలివైపు తమ పేర్లు చెక్కించుకుంటారు. నకలులో మాత్రం ఏడో రాయి గూడు ఖాళీగా ఉండితీరాలి. ఈ ఏడాది జనం, "ఆ బోసిగూడు మాకెందుకయ్యా?" అని కంసాలి వీరాచారిని పోరుపెట్టారు. ఆయన మెత్తబడి గూళ్లన్నీ నింపేశాడు. పైన బంగారుపూత వేశాడు. బరువులో తేడా తెలియకుండా లోపల సీసం కూడా పోశాడు.

అసలు ఉంగరంలో కాపురముండే ఆట యక్షిణికి తన ఇల్లేదో తెలియకుండాపోయింది. ఆమె ఆగ్రహించి అసలుతో కలిపి మూడువందల ఉంగరాల్నీ, తొడుక్కున్నవాళ్ల గొంతుల్నీ అడవిలోని కొండగుహకు ఎత్తుకుపోయింది. వీరాచారి చేతులు ఇత్తడిగా మారాయి. ఆ ఇత్తడి రోజుకింత పైకి పాకుతోంది.

ఆయన ఉంగరం తొడుక్కోలేదు; కూతురు పైడి కూడా పనికి అడ్డమని ఎప్పుడూ తొడుక్కోలేదు. అందుకే ఇద్దరి గొంతులూ మిగిలాయి. పైడి సన్న ఉలి, గీటురాయి, దీపం మూటగట్టుకుని అడవికి బయలుదేరింది.

"మోచేయి దాటిందమ్మా. గుండెకు చేరేలోగా వస్తావా?" అన్నాడు వీరాచారి.

"నువ్వు గుండె గట్టిగా పెట్టుకో నాన్నా. మరీ ఇత్తడంత గట్టిగా వద్దు."

ఆయన నవ్వబోయి తల తిప్పుకున్నాడు.

మూడోరోజు దారికి అడ్డంగా నల్లటి మడుగు వచ్చింది. అందులోంచి మొసలి తల ఎత్తింది.

"దాటిస్తాను. కూలేమిటి?"

"అటుకులున్నాయి మామా."

"అటుకులకు ఇన్ని పళ్లెందుకే? ఆ నల్లరాయి ఇయ్యి, నూరుకుంటాను."

అది గీటురాయి. బంగారమేదో, పూతేదో తేల్చేది అదొక్కటే. పైడి మూట విప్పి, రాయి ఇచ్చేసింది.

కొండగుహ ముందు ముసలి ఎలుగుబంటి అడ్డం పడుకుంది. "చలికాలమంతా చీకట్లో పడుంటాను. ఆ దీపం ఇచ్చి లోపలికి పో."

"నేనెలా చూడను అవ్వా?"

"కంసాలి పిల్లవు, వేళ్లతో చూడలేవూ?"

పైడి దీపం ఇచ్చేసింది. గుహలో కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. యక్షిణి గొంతు మాత్రం పలికింది. "నకళ్లన్నిటిలో ఏడో రాయి పీకు. నా ఉంగరంలో రాయి కదిలిందా, మీ నాన్న నిలువెల్లా ఇత్తడే."

పైడి ఒక్కో ఉంగరం లోపల వేలు పెట్టి తడిమింది. పేరు తగలగానే పైకి చదివి, రాయి పీకింది. చదివిన ప్రతి పేరుతో ఎవరిదో ఒక గొంతు ఆమె పక్కనుంచి ఊరివైపు ఎగిరిపోయింది. గోళ్లు చిట్లి నెత్తురు కారింది. ఎన్నాళ్లు గడిచాయో తెలియలేదు. చివరకు రెండు ఉంగరాలు మిగిలాయి. రెండింటిలోనూ పేరు లేదు.

జట్టు ఉంగరంలో పేరుండదని ఆమెకు తెలుసు. ఐదుగురి గెలుపు మీద ఒక్కరి పేరు చెక్కరు. మరి ఈ రెండోది ఎవరిది?

మళ్లీ తడిమింది. ఒకటి లోపల చుట్టూ గుండ్రంగా ఉంది. రెండోదానిలో ఒకచోట గోరంత మేర ఆకురాయితో అరగదీసి చదును చేసి ఉంది. పేరుకోసం విడిచిన చోటు అది. ముప్పై ఏళ్లుగా ఊరందరి పేర్లూ చెక్కిన మనిషి తనకోసం ఒకటి చేసుకుని, పేరు చెక్కుకోవడానికీ, వేలికి తొడుక్కోవడానికీ సిగ్గుపడ్డాడు.

పైడి ఆ ఉంగరంలో ఏడో రాయి పీకేసింది. చదునుగా ఉన్నచోట ఉలితో, చీకట్లోనే, 'వీరాచారి' అని చెక్కింది.

"నా ఇల్లు దొరికింది," అంది యక్షిణి నెమ్మదిగా.

పైడి తిరిగొచ్చేసరికి ఊరు కేకలతో హోరెత్తుతోంది. రాజుగారు ఆమెను ఆస్థాన కంసాలిని చేశారు. వీరాచారి చేతులు మామూలయ్యాయి, కుడి చిటికెనవేలు తప్ప. అది చివరిదాకా ఇత్తడిగానే ఉండిపోయింది. ఉంగరాలకు వచ్చిన పిల్లలు ఖాళీ గూడు చూసి మొహం ముడిస్తే, ఆయన ఆ ఇత్తడి వేలితో ఇనుప దాకలి మీద ఒక్కసారి టంగుమనిపిస్తాడు.