ఇంగా కాలేదు

"ఇది రాయి మేడమ్, రొట్టె కాదు. బేగా కావాలంటే అవుతాదా?" అన్నాడు అజయ్ కుమార్, ఉలి దించకుండానే.

"నెల అయింది. మా అవ్వ సమాధికి పలక లేదు. యాడ పెట్టినావ్ చూపీ!"

ఆళ్లగడ్డలో అందరూ దేవుళ్లను చెక్కితే అజయ్ అక్షరాలు చెక్కుతాడు. నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చి మరీ గొడవ పెట్టుకున్న ఈ పిల్ల, పలకకు ఆర్డరిచ్చిన కృపావరం సారు కూతురు సిరి. కళ్లలో కోపం ఉంది గానీ పెదవి చివర నవ్వు దాగలేదు. పోతూ పోతూ ఫోన్ నంబరు ఇచ్చింది.

"అయిపోతే మెసేజ్ పెట్టు."

ఆ సాయంత్రమే పెట్టాడు: "ఇంగా కాలేదు."

మర్నాడూ అదే.

"అయితేనే పెట్టమన్నా కదా?" అని మెసేజ్ కొట్టింది సిరి.

"కాలేదని కూడా తెలియాల కదా మేడమ్!"

పలక ఎప్పుడో అయిపోయింది. మెసేజ్ మాత్రం రోజూ పోతూనే ఉంది. చివరికి దొరికిపోయాడు.

"అయిపోయిందని మీ ఓనరు మా నాయనకు చెప్పినాడంట. ఎందుకప్పా అబద్ధాలు?"

"అయిపోయిందంటే నువ్వు మాట్లాడవు కదా."

జవాబొచ్చింది. "రాయి అయిపోతే మాటలు అయిపోతాయా, పిచ్చోడా!"

ఆ రోజు అజయ్‌కి అన్నం కూడా గుర్తు రాలేదు.

అది 2004. అప్పటి ఫోన్ల కడుపు చిన్నది. మెసేజ్‌లు నిండితే పైన కవరు గుర్తు మినుకుమంటుంది. ఒకటి తుడిచేదాకా కొత్తది లోపలికి రాదు. అజయ్ ఫోన్ నిండా సిరే. రాతి మీద అక్షరం చెక్కేవాడికి తుడిచే అలవాటు ఎక్కడిది?

"కవరు మినుకుమంటాంది రా, ఒకటి తుడ్చరాదూ," అనేవాడు పక్కన పనిచేసే సామ్యేలు.

"కంపెనీవోళ్ల పాటల మెసేజ్‌లే లేప్పా. వాటి కోసం సిరిని తుడ్చాలా?"

ఇంతలో సిరి ఫోన్ మూగబోయింది; చేస్తే స్విచాఫ్. రెండు వారాల తర్వాత సామ్యేలు నంద్యాల చర్చికి పోయొచ్చి తల వంచుకుని చెప్పాడు. "సిరికి పెండ్లంట. టీచరు సంబంధం. రెండు ప్రకటనలు చదివేసినారు."

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడగడం వాళ్ల చర్చిలో ఆనవాయితీ.

"పోయి అడుగు రా," అన్నాడు సామ్యేలు.

"నేనెందుకు పోవాల? ఆ పిల్ల ఒక్క మాట చెప్పిందా?" రోషం ముక్కు మీదికొచ్చింది.

మూడో ఆదివారమూ దాటింది. మంగళవారం పెళ్లి. ఆ పొద్దున అజయ్ కసిగా ఫోన్ తీశాడు, సిరి మాటలన్నీ తుడిచేద్దామని. మొదటిది తుడిచాడో లేదో ఫోన్ మోగింది. శనివారం పంపిన మెసేజ్.

"నా ఫోన్ గుంజుకున్యారు. తమ్ముడి ఫోన్ ఇది. రేపు ఆఖరి ప్రకటన. పాస్టరయ్యగారు అడిగినప్పుడు నువ్వు లేచి నిలబడు. నీ పక్కన నేనూ నిలబడతా. సిరి."

అజయ్ పరుగెత్తి బస్సు పట్టుకున్నాడు. నంద్యాలలో దిగి చర్చికి చేరేసరికి మెట్ల మీద ఫోటోలు తీస్తున్నారు. తెల్లచీరలో సిరి, పక్కన పెళ్లికొడుకు. పెళ్లికొడుకు ఎవరో బంధువుతో మాట్లాడుతుంటే, సిరి ఒక మెట్టు దిగింది.

"ఇప్పుడొచ్చినావా?"

"మెసేజ్ ఇప్పుడే వచ్చింది సిరీ. దేవుని తోడు!"

"ఆదివారమంతా చర్చి వాకిలి దిక్కే చూస్తాంటి అజయ్. తల తిప్పలేదు."

"నిజం. ఫోన్ నిండిపోయి..."

"అబద్ధం నీకు కొత్తా? పలక అయిపోయినాక కూడా ఇంగా కాలేదు అంటాంటివే. అప్పుడు నవ్వొచ్చింది." ఆమె మళ్లీ మెట్టెక్కింది. "ఇప్పుడు అయిపోయింది. పో."

అజయ్ ఫోన్ ముందుకు పెట్టాడు. ఆమె దానివైపు చూడనేలేదు.

"ఓ అన్నా, అడ్డం నిలబడినావ్, కొంచెం జరుగు," అన్నాడు ఫోటోగ్రాఫర్.

అజయ్ జరిగాడు.