ఎడమ టైరులో గాలి

"మేడం, మీ కారులో గిన్నె మాడిపోతా ఉండాది."

సుప్రీతతో నేను మాట్లాడిన మొదటి మాట ఇదే. స్టీరింగ్ వెనకాల పసుపు రంగులో చిన్న గిన్నె బొమ్మ, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం వెలుగుతున్నాయి మరి!

"అది గిన్నె కాదు, టైరు. గాలి తగ్గిందని అర్థం. మీరు ఫ్యాక్టరీలో ఇంజనీరని మా నాన్న చెప్పినారే?"

"టూవీలర్ ఇంజనీరు మేడం. మా బండ్లకి ఇట్లా లైట్లుండవు."

ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకే నా పని అయిపోయింది.

ఆమె కోలారు కాలేజీలో లెక్చరర్. నాకు కోలారు దాటాక వచ్చే నరసాపురంలో ఉద్యోగం. ఇద్దరిదీ రాబర్ట్‌సన్‌పేటే కాబట్టి, కోలారు దాకా ఆమె కారులో వెళ్ళి అక్కడ కంపెనీ బస్సెక్కేవాణ్ణి. దారిలో బంగారుపేట బంకులో ఆగి గాలి పట్టించేవాళ్ళం, పక్కనే టీ తాగేవాళ్ళం. గాలి నిండినా లైటు మాత్రం ఆరేది కాదు. అందుకని మర్నాడు మళ్ళీ బంకు, మళ్ళీ టీ. ఆ లైటుకు లోలోపల దండం పెట్టుకునేవాణ్ణి.

మనసులో మాట మాత్రం చెప్పలేకపోయాను. మా తాత మా ఊరి బంగారు గనిలోకి దిగిన కూలీ. వాళ్ళ తాత అదే గని ఆఫీసులో గుమాస్తా. పైగా వాళ్ళ నాన్న బదరీనాథ్ గారు హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సారు. ఆయన కనిపిస్తే ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడతాను.

ఇంతలో స్నేహితులు నరసాపురంలో రూము చూశారు. సోమవారం నుంచి అక్కడే ఉందామన్నారు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. సుప్రీతకూ ఆ మాట చెప్పేశాను.

వెళ్ళేలోపు ఆమెకు ఏదైనా మేలు చేయాలనిపించింది. శుక్రవారం బంకులో నాలుగు టైర్లలోనూ సరిగ్గా గాలి పట్టించాను. స్టీరింగ్ కింద ఉన్న బటన్ వెదికి, లైటు మిణుకు మిణుకుమనేదాకా నొక్కి పట్టుకున్నాను.

"ఇంగ పోనివ్వండి మేడం. ఇప్పుడుండే గాలే కరెక్టని కారు మెల్లగా నేర్చుకుంటాది."

కోలారు చేరేలోపు లైటు ఆరిపోయింది.

"చూసినారా! ఇంగ నేను లేకపోయినా మీకు భయం లేదు."

"చాలా థ్యాంక్స్," అంది ముక్తసరిగా. నేను దిగీ దిగకముందే కారు కదిలిపోయింది. నేను చేసిన తప్పేమిటో ఎంత ఆలోచించినా తెలియలేదు.

శనివారం, చివరి రోజు, సన్నగా తుంపర పడుతోంది. ఆమె ఇంటి ముందు కారు పక్కనే నిలబడి ఉంది.

"పాలకని పోయొస్తే లైటు మళ్ళీ వచ్చింది," అంది ఎటో చూస్తూ.

వంగి చూశాను. ముందు ఎడమ టైరు మెత్తబడి ఉంది. గాలి పట్టించే చోట నల్లటి మూత లేదు.

"నిన్న నేనే బిగించినానే! యాడ పోయింది?"

ఆమె పిడికిలి బిగించింది.

"చేతిలో ఏముంది?"

"ఏం లేదు."

"చూపించండి."

మెల్లగా విప్పింది. అరచేతిలో నల్లటి మూత, ఒక హెయిర్‌పిన్.

"గాలి మీరే తీసినారా? ఎందుకు?"

"లైటు వెలిగితేనే కదా మీరు దిగి చూసేది! దాన్ని ఆర్పేసి, భయం లేదని చెప్పి పోతా ఉన్నారు. నాకు భయం లేదని మీకెవరు చెప్పినారు?"

ఆమె కళ్ళు నిండాయి.

"మీరంటే నాకు ప్రాణం, సుప్రీతా. మొదటి రోజు నుంచీ."

"గిన్నె మాడినప్పటి నుంచా?" ఏడుస్తూనే నవ్వింది.

గేటు చప్పుడైంది. బదరీనాథ్ సారు! కాలితో తొక్కే గాలిపంపు పట్టుకుని వస్తున్నారు. నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

"ఏమప్పా చంద్రూ, కిటికీలోనుంచి అంతా చూస్తానే ఉన్నాను. పిన్ను పెట్టి గాలి తీస్తా ఉంటే అరుద్దామనుకొని ఊరుకున్నాను."

"సార్... మా తాత..."

"తెలుసప్పా. మీ తాత గనిలో దిగేటప్పుడు పేరు రాసుకునింది మా నాయనే. ఆ మనిషి పైకొచ్చేదాకా మా నాయన ఇంటికొచ్చేవాడు కాదు. ఇదీ అంతే, నువ్వొచ్చేదాకా పొద్దున్నే గేటు కాడ నిలబడుకోని ఉంటాది. ఇంగ చేతులు దించి గాలి కొట్టు."

కొట్టాను. రూము వద్దని అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఈసారి బటన్ ఆమే నొక్కింది.

కోలారు వచ్చింది. కంపెనీ బస్సు నిలబడి ఉంది. సుప్రీత కారు ఆపలేదు, నరసాపురం వైపు పోనిచ్చింది.

"కాలేజీకి లేటవదా?"

"కారు ఇంకా నేర్చుకోలేదు చంద్రూ," అంది రోడ్డు మీదే చూపు నిలిపి.

లైటు ఎప్పుడో ఆరిపోయింది. నేను చెప్పలేదు.