కిందిమాట

కోటిలింగం నాడిపలకని స్పిరిటు గుడ్డతో తుడిచాడు. పాత చెమట పోయిందో లేదోనని వేలితో తడిమి, మళ్ళీ తుడిచాడు. పలకకి రెండు గుంటలు. ఒకటి సిఫారసు చెప్పేవాడి బొటనవేలికి, రెండోది చెప్పించుకునేవాడి బొటనవేలికి.

"తొమ్మిదో నంబరు," అంది పలక.

తొమ్మిదో నంబరు వకీలు శశిభూషణ్. చేతిలో కాజాల పొట్లంతో లోపలికొచ్చి, దాన్ని బల్ల మీద కోటిలింగం ముందు పెట్టాడు. అతని గురించి చెప్పాల్సిన మనిషిగా చీటీలో వచ్చిన పేరు కోటిలింగం. రోజూ నలుగురినీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టేవాడు, ఆ పూట తనే కూర్చోవాలి.

లా కాలేజీలో ఎల్లెల్లెం సీటుకి అర్జీ పెట్టేవాళ్ళు తమ పొగడ్త తామే రాసుకొచ్చి, ప్రొఫెసర్ల చేత కింద సంతకం పెట్టించుకునే కాలం ఒకటుండేది. అది పోయింది. ఇప్పుడు నోటితో చెప్పాలి. పైవాళ్ళవి రెండు మాటలు, కింద పనిచేసినవాడిది ఒక మాట. ఆ కిందిమాటే గట్టిది. చెప్పింది నిజమని ఇద్దరి నాడీ ఒప్పుకుంటేనే అది పలక అచ్చేసే ఆకు మీదికెక్కుతుంది. ఎక్కాక చెరపడం ఎవరి తరమూ కాదు. అర్జీదారు మధ్యలో వేలు తీస్తే జన్మలో మళ్ళీ అర్జీ లేదు. ఆ చదువు లేకపోతే జడ్జి కుర్చీ లేదు.

"ఏరా లింగం, నువ్వే దొరికావు! అదృష్టం."

"దొరికాను సార్."

దొరకడమేముంది. చీటీలో వెయ్యడానికి ముగ్గురి పేర్లిచ్చింది శశిభూషణే. కోటిలింగం నోరు తెరిస్తే ముందు కోటిలింగమే మునుగుతాడని అతని ధీమా.

ఏడేళ్ళ కిందట ఇద్దరు పనివాళ్ళుండేవారు ఆ వకీలు ఆఫీసులో. కోటిలింగం, అతని అక్క మొగుడు అంజయ్య. ఒక పెద్దింటి వీలునామా బీరువాలోంచి మాయమైంది. అంజయ్య దొంగిలించాడని కోర్టులో చెప్పింది కోటిలింగం. చెప్పకపోతే నువ్వే దొంగవవుతావన్నాడు వకీలు. అంజయ్య జైల్లో మూడో ఏడు పోయాడు. శవాన్ని దింపిన రోజు అక్క ఒక్క మాటంది: "నా మొగుడు దొంగ కాదని నలుగురిలో నీ నోటితో చెప్పిన్నాడు రా. అప్పటిదాకా నా గడప తొక్కమాక."

అప్పట్నించీ కోటిలింగం పెద్దగా మాట్లాడడు. పలక తుడుస్తాడు. తుడుస్తూ లోలోపల వాక్యాలు పేర్చుకుంటాడు.

ఇద్దరూ వేళ్ళు పెట్టారు. బయట బెంచీల మీద జనం, తలుపు తీసే ఉంది. అందరికీ వినపడేలా చెప్పించడం రూలు.

"సారు తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటారు," అన్నాడు కోటిలింగం. "నేను అక్కడ చేసిన పదకొండేళ్ళలో ఒక్కనాడు ఆలస్యం లేదు."

పలక మీద పచ్చగీత మెరిసింది. మాట ఎక్కింది.

"గొంతు పెంచి ఎరగరు. ఏదీ మర్చిపోరు. ఏ కాయితం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతారు."

పచ్చగీత. శశిభూషణ్ నవ్వాడు.

"సాక్షికి నేర్పడంలో సారు తర్వాతే ఎవరైనా. నేను మూడో తరగతి. నాకే ఆరు రోజుల్లో నేర్పారు."

పచ్చగీత. నవ్వు ఆగింది.

"చాల్లే లింగం. బాగా చెప్పావు."

"ఇంకా ఉంది సార్. వేలు తియ్యకండి, సీటు పోద్ది."

శశిభూషణ్ వేలు తియ్యలేదు. సాక్షులకి ఊపిరి ఎలా బిగబట్టాలో, గుండెదడ ఎలా అణచాలో నేర్పినవాడు. తన నాడి తన మాట వింటుందనుకున్నాడు.

"సారు నేర్పిన పాఠం ఇది. 'బుధవారం పొద్దున అంజయ్య బీరువా తీస్తంటే చూశాను. చంకలో కాయితాల కట్టుంది.' నేను చూళ్ళేదు. వీలునామా కాల్చింది సారు. ఆ మంట ఊదింది నేను."

గీత పచ్చగా మారలేదు, ఎర్రగానూ మారలేదు. పలక కాసేపు గునిసింది.

"ఇది సిఫారసుకి చెందని వాక్యం. కొనసాగించాలా?"

ఆ ప్రశ్న పలక నోట కోటిలింగం ఎన్నడూ వినలేదు. ఇన్నేళ్ళలో దాన్ని అడిగించినవాడు లేడు.

"కొనసాగించు," అన్నాడు. "మా బావ అంజయ్య దొంగ కాదు. సారుకి తెలుసు. నాకూ తెలుసు."

శశిభూషణ్ ముఖం రాయిలా ఉంది. గుంటలో వేలి నాడి మాత్రం అతని మాట వినలేదు.

"రెండు నాడులూ ఒప్పుకున్నాయి," అంది పలక. పచ్చగీత. ఆకు మూడు నకళ్ళుగా బయటికి జారింది. ఒకటి కాలేజీకి, ఒకటి కోర్టు గోడ మీదికి. కోటిలింగం మూడో నకలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది అక్కకి.

"నువ్వూ లోపలికే పోతావురా కుక్కా!" శశిభూషణ్ గొంతు మొదటిసారి పెరిగింది.

"పోతాను సార్. ఏడేళ్ళు ఆలస్యమైంది. తమకి ఆలస్యం అలవాటు లేదుగా, ముందు తమరు నడవండి."

శశిభూషణ్ వెళ్ళాడు. పొట్లం బల్ల మీదే ఉండిపోయింది.

కోటిలింగం మళ్ళీ గుడ్డ తీశాడు. బయట బెంచీ మీంచి రత్తమ్మ లేచింది. జడ్జిగారింట్లో వంటమనిషి. ఆయన కొడుకు అర్జీకి కిందిమాట చెప్పడానికొచ్చింది. ఒళ్ళో ఆమెకీ ఆ అబ్బాయిచ్చిన పొట్లం ఒకటుంది. దాన్ని తెచ్చి మొదటి పొట్లం పక్కన పెట్టింది.

"తమ్ముడా, నన్ను కూడా అడుగుద్దా ఇది? కొనసాగించాలా అని?"

"అడుగుద్ది రత్తమ్మక్కా."

ఆమె పైటతో బొటనవేలు తుడుచుకుని, పలక మీద పెట్టి కూర్చుంది.

"పదో నంబరు," అంది పలక.

గుమ్మంలో నిలబడ్డ జడ్జిగారబ్బాయి కదల్లేదు. పలక రెండోసారి పిలిచింది. మూడోసారీ పిలిచింది. అతని చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.