ఏడు డ్రమ్ముల బేరం

"ఇవన్నీ పాటకేనాండీ, తోటలో కోతుల్ని తోలడానికా?"

అహల్య ఆర్కెస్ట్రాలో చేరిన రోజున ఉమాపతితో అన్న మొదటి మాట ఇది. నమస్కారం కూడా దీని తర్వాతే.

అప్పటికి ఉమాపతి షెడ్డు గోడ మీద బొగ్గుతో గీసిన బొమ్మ ముందు నిలబడి, సువర్ణరాజు మాస్టారికి దాన్ని వివరిస్తున్నాడు. బొమ్మలో ఏడు డ్రమ్ములున్నాయి. కాలితో కొట్టే పెద్ద బేస్ డ్రమ్ము, మోకాళ్ల మధ్య ఇమిడే స్నేర్ డ్రమ్ము, పక్కన మూడు కాళ్ల మీద నిలబడే ఫ్లోర్ టామ్, పైన అర్ధచంద్రాకారంలో నాలుగు చిన్న టామ్‌లు. వాటి మధ్య ఒక మనిషి. ఆ మనిషికి మొహం గీయలేదు కానీ, అది ఎవరి మొహమో ఉమాపతికి బాగా తెలుసు.

ముసునూరు రోడ్డులో ఉమాపతి వాళ్లకి చిన్న మామిడితోట ఉంది. అందులో కాయలు పెట్టెలకెత్తే రేకుల షెడ్డు ఉంది. చుట్టూ చెట్లే తప్ప అడిగేవాళ్లు లేరు కాబట్టి నూజివీడు ఆర్కెస్ట్రా వాళ్ల ప్రాక్టీసంతా అక్కడే. పగలు బ్యాంకులో గుమాస్తాగా తల వంచుకుని ఉండే ఉమాపతి, సాయంత్రం ఆ షెడ్డులోకొచ్చాకే తల ఎత్తేవాడు.

కోతుల మాట అతనికి చురుక్కుమంది. అందులో నిజముంది మరి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే నాన్న అతన్ని మంచె ఎక్కించి, కిరసనాయిలు డబ్బా, రెండు కర్రలు చేతికిచ్చేవాడు. కోతులొస్తే డబ్బా వాయించాలి. అవి రాకపోయినా వాయించేవాడు. అతని సంగీత శిక్షణ అంతా ఆ మంచె మీదే జరిగింది.

"పాటకేనండీ. ఎవరైనా వచ్చి వెక్కిరిస్తే వాళ్లక్కూడా పనికొస్తాయి" అన్నాడు.

అహల్య నవ్వు ఆపుకుంది. ఆపుకున్నట్టు ఎదుటివాడికి తెలిసేలా ఆపుకుంది. ఆ క్షణం నుంచే ఉమాపతి పని అయిపోయింది గానీ, పాపం, ఆ సంగతి అతనికి ఆలస్యంగా తెలిసింది.

ఆర్కెస్ట్రా పెద్ద సువర్ణరాజు మాస్టారు. అకార్డియన్ వాయిస్తారు, అంతకంటే బాగా తగువులు తీరుస్తారు. అన్నాళ్లూ ఎక్కడో అరువు తెచ్చిన ఒక్క డ్రమ్ముతో నెట్టుకొచ్చిన వాళ్లు, ఆ ఏడాది బెజవాడ వెళ్లి సొంత సెట్టు కొనాలనుకున్నారు. షాపులో ఎన్ని కావాలంటే అన్ని విడిగా ఇస్తారట. ఎన్నన్నదే తేలాలి. ఏడుకు ఒక్కటి తగ్గినా కుదరదని ఉమాపతి. అన్ని మోగితే తన గొంతు ఎక్కడని అహల్య. మాస్టారు కాసేపు విని ఉపాయం చెప్పారు. ఏడు డ్రమ్ములకి బదులు ఏడు డబ్బాలూ గంపలూ బోర్లించి ఉమాపతి వాయించాలి. అహల్య పాడుతూ అక్కర్లేదనుకున్నది తీసేయాలి. తీశాక పాట కుంటితే మళ్లీ పెట్టాలి. ఇద్దరూ ఒక మాటకొచ్చాకే బెజవాడ ప్రయాణం.

మర్నాటి నుంచి బేరం మొదలైంది.

అహల్య పల్లవి పాడుతూ వచ్చి, చరణంలోకి వెళ్లేలోపు ఒక డబ్బా ఎత్తుకుపోయేది. కర్ర గాల్లో ఆగిపోయి ఉమాపతి బిత్తరపోయేవాడు. "అది వాన పాటకి కావాలండీ" అంటే, "వాన పాటకి వానుంటుంది కదండీ" అనేది. రెండోరోజు ఇంకోటి తీసింది. మూడోది ఉమాపతే కాలితో ఆమె వైపు తోశాడు. ఆ డబ్బా మీద చెయ్యి పడి చాలాసేపైందని అతనికే అనిపించింది. ఆ సంగతి పైకి చెప్పలేదు. కాయలు సర్దే దుర్గ మాత్రం గడ్డి దులుపుకుంటూ, బాబుగారు ఆడపిల్ల ముందు డబ్బాలన్నీ ఓడిపోతున్నారని తోటంతా చెప్పింది.

పెద్ద గంప దగ్గర బేరం తెగలేదు. అది బేస్ డ్రమ్ము.

"అదొక్కటి తీసేస్తే మిగతావన్నీ ఉంచుకోండి" అంది అహల్య.

"అది తీసేస్తే నేను కూడా అక్కర్లేదండీ. పాటకి నడక అదే."

"నడక కాదు, పరుగు. నన్ను తరుముతున్నట్టుంటుంది."

అప్పుడే వాన మొదలైంది. వేసవిలో వచ్చే జల్లు, ముందు పది చుక్కలు పడి తర్వాత ఒక్కసారిగా రేకుల మీద విరుచుకుపడింది. అతనేదో అన్నాడు, ఆమెకి వినపడలేదు. ఆమె ఏదో అంది, అతనికి పెదాలు కదలడమే కనిపించింది. ఇద్దరూ కాసేపు అలా చూసుకుని నవ్వారు. అహల్య పైకి వేలు చూపించి, అది ఎనిమిదో డ్రమ్మని సైగ చేసింది.

వాన సన్నబడ్డాక, నవ్వు పోయిన మొహంతో ఆమె అసలు విషయం చెప్పింది.

వాళ్ల నాన్న రామచంద్రమూర్తిగారు తెలుగు మాస్టారు. ఆ మధ్య జ్వరమొచ్చి తగ్గాక చెవులు మందగించాయి. పిల్లలు అప్పజెప్పే పద్యాలు వినపడక బడి మానేశారు. ఇప్పుడు ఇంట్లో అహల్య పాడితే వింటారు. బయట పాడతానంటే కాదనలేదు, ఒక్క షరతు పెట్టారు. ఉంగుటూరులో ఆర్కెస్ట్రా ఒప్పుకున్న పెళ్లిలో ఆమె మొదటి కచేరీకి వచ్చి చివరి వరసలో కూర్చుంటారు. మాటలు వినపడితే పాడుకోవచ్చు, లేకపోతే ఆ రోజుతో ఆపేయాలి.

"చివరి వరస ఎందుకండీ? ముందు కూర్చుంటే వినపడుతుంది కదా" అన్నాడు ఉమాపతి.

"ముందు కూర్చుంటే నా పెదాలు చూసి తెలుసుకుంటారు. అలా తెలుసుకుని వినపడిందని చెప్పడం ఆయనకి ఇష్టం లేదండీ."

తీసేసిన మూడూ మళ్లీ అడగనన్నాడు ఉమాపతి. నాలుగు చాలన్నాడు. పెద్దది, స్నేర్, ఫ్లోర్ టామ్, ఒక్క చిన్న టామ్. పెద్దదాన్ని మెత్తగా కొడతానని మాటిచ్చాడు. అహల్య గోడ దగ్గరికెళ్లి, బొమ్మలో మూడు టామ్‌లు చీరచెంగుతో తుడిచేసింది. చెంగుకంటిన బొగ్గు చూసుకుని, ఇంట్లో అమ్మ అడిగితే మీ పేరే చెప్తానంది.

ఇంత చక్కగా తేలిన బేరాన్ని ఉమాపతి బెజవాడలో పాడుచేశాడు.

షాపులో రెండు టామ్‌లు ఎర్రగా, నిగనిగలాడుతూ సెట్టు పక్కనే ఉన్నాయి. వాయించి చూడండి సార్ అన్నాడు షాపాయన. ఉమాపతి వాయించాడు. వాయించిన చెయ్యి వాటిని వదిలి రానంది. అమ్మాయికేం చెప్తావని మాస్టారు అడిగితే, వింటే ఆవిడే ఒప్పుకుంటుందన్నాడు.

అహల్య షెడ్డుకి వచ్చింది, ఆరు డ్రమ్ములూ చూసింది. బాగున్నాయంది. ఆ "బాగున్నాయండీ" విని మాస్టారు అకార్డియన్ పెట్టె సర్దుకునే నెపంతో బయటికెళ్లిపోయారు.

"నాలుగన్నారు" అంది.

"రెండేగా ఎక్కువ. కావాలంటే వాటిని ముట్టుకోను."

"రెండు ఎక్కువైనందుకు కాదండీ. వాన తగ్గేదాకా ఆగి మీకొక మాట చెప్పాను. వానలోనే చెప్పేసినట్టయింది."

పెళ్లిలో పాడతానని మాస్టారికి మాటిచ్చింది కాబట్టి వస్తానంది. ఈలోపు ప్రాక్టీసుకి మాత్రం రానని చెప్పి వెళ్లిపోయింది.

ఉమాపతికి తిండి సయించలేదు. డ్రమ్ముల ముందు కూర్చుంటే చేతులు లేవలేదు. ఇంత చిన్న మాట నిలబెట్టుకోలేనివాడు ఇంకేం నిలబెడతాడని తనను తనే తిట్టుకున్నాడు. వెళ్లి క్షమించమని అడగాలి. ఒట్టి చేతులతో ఎలా వెళ్తాడు? తోటలో ఇంటి వాడకానికి వదిలిన చిన్నరసాల చెట్టొకటుంది. దాని కాయల్లో ఏరి ఏరి డజను కోశాడు. అవి గడ్డిలో మగ్గాలి. ఇంట్లో పెడితే అమ్మ జగదాంబగారు వచ్చినవాళ్లందరికీ పంచేస్తుంది. షెడ్డు గడ్డిలో పెడితే దుర్గ కంట పడుతుంది, అదింకా ప్రమాదం. చీకటిగా, వెచ్చగా, ఎవరూ చెయ్యి పెట్టని చోటు షెడ్డులో ఒక్కటే కనిపించింది. బేస్ డ్రమ్ము ముందువైపు మూత విప్పి, నిండా వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ బిగించేశాడు. పెళ్లిరోజు పొద్దున తీసుకోవచ్చనుకున్నాడు.

పెళ్లివాళ్లు వ్యాను పొద్దున్నే పంపారు. ఉమాపతి బ్యాంకులో సెలవు చెప్పి వచ్చేసరికి మాస్టారు సామానంతా ఎక్కించేసి ఉంగుటూరు వెళ్లిపోయారు. అతను బస్సు దొరక్క సాయంత్రానికి చేరేసరికి స్టేజీ సిద్ధంగా ఉంది, జనం కూర్చున్నారు, డ్రమ్ము విప్పే వీల్లేదు.

మొదటి పాట మాస్టారు అకార్డియన్ మీద వాయించారు. ఉమాపతి కాలితో పెడల్ నొక్కాడు. ధాం అనాల్సిన డ్రమ్ము దుప్పట్లో దూరి మాట్లాడినట్టు "దుబ్" అంది. మాస్టారు మెడ తిప్పి, బేస్‌కి ఏమైందని నెమ్మదిగా అడిగారు.

"కడుపులో కాయలున్నాయి మాస్టారూ."

ఆయన అకార్డియన్ ఒక స్వరం తప్పింది. అప్పటికే స్టేజీ మీద రసాల వాసన కమ్మగా వ్యాపిస్తోంది. అహల్య ముక్కు ఎగబీల్చింది గానీ వెనక్కి తిరగలేదు.

తర్వాత పాట ఆమెది. ఉమాపతి తలెత్తి చూశాడు. చిట్టచివరి వరసలో, పందిరి గుంజ పక్కన రామచంద్రమూర్తిగారు కూర్చుని ఉన్నారు. అరచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, మెడ ముందుకి సాచి ఉన్నారు. అంత దూరం నుంచి కూడా ఆయన భయం కనిపించింది. కూతురు పాట మాన్పించాలని కాదు, మాన్పించాల్సి వస్తుందేమోనని.

ఉమాపతి ఇంకేం ఆలోచించలేదు. మైకు దగ్గర అహల్య నిలబడుతుండగానే రెండు ఎర్ర టామ్‌ల మరలు విప్పి, వాటిని తెర వెనక పెట్టేశాడు. ఆ చప్పుడికి ఆమె వెనక్కి తిరిగింది. నాలుగు డ్రమ్ములు. ఒక్క చూపు చూసి మళ్లీ జనం వైపు తిరిగింది. ఆ చూపు చాలు అతనికి, మిగతా జన్మంతా గుమాస్తాగిరీ చేసుకోమన్నా చేసేవాడు.

ఆమె పాడింది. గడ్డి నిండిన పెద్ద డ్రమ్ము ఆమె అడుగులో అడుగు వేస్తూ నెమ్మదిగా నడిచింది. స్నేర్‌ని అతను వేళ్లతోనే తట్టాడు. చరణం చివర, పాత ఉమాపతి అయితే అన్నిటి మీదా దడదడ పరిగెత్తే చోట, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె గొంతు విన్నాడు. ఎంత బాగుందో! ఇన్నాళ్లూ దీన్ని తనే కప్పేశాడు.

చివరి వరసలో పెద్దాయన చెయ్యి చెవి మీంచి కిందికి దిగింది. కాసేపటికి కళ్లు మూసుకున్నారు.

కచేరీ అయ్యాక ఆయన స్టేజీ వెనక్కి వచ్చారు. అహల్య ఆయనకి ఎదురెళ్లింది.

"అన్ని మాటలూ వినపడ్డాయమ్మా. రెండో చరణంలో ఒక ఒత్తు మింగేశావు" అన్నారు ఆయన. ఆ తప్పు పట్టుకోగలిగినందుకు ఆయన కళ్లు మెరిశాయి. తర్వాత డ్రమ్ముల వైపు తిరిగి, "ఇందులోంచి చిన్నరసాల వాసనొస్తోందేంటబ్బాయ్?" అన్నారు.

ఉమాపతి తప్పించుకోలేక మూత విప్పాడు. చిన్నరసం తినాలంటే ముందు చేత్తో నొక్కి నొక్కి మెత్తబరచాలి, తర్వాత ముచిక తీసి జుర్రుకోవాలి. ఆ నొక్కే పనంతా ఉమాపతి కాలు పాటపాటకీ చేసేసింది. రెండు చితికాయి, మిగతావి తినడానికి సిద్ధంగా ఉన్నాయి. పెద్దాయన ఒకటి తీసుకుని కుర్చీలో కూర్చున్నారు.

"ఎవరికండీ ఇవి?" అంది అహల్య.

"మీకే. క్షమించమని అడుగుదామని పెట్టాను. ఇప్పుడు అడగాల్సింది వేరే ఉంది."

"అడగండి."

"ఏడు నుంచి నాలుగుకి వచ్చాను. మీరు ఒకటంటే ఒకటి. అదీ వద్దంటే ఊరికే కూర్చుంటాను. మీరు పాడుతుంటే నేను పక్కనుండాలి అహల్యగారూ. స్టేజీ మీదే కాదు, ఇంట్లో కూడా."

అహల్య తల వంచుకుని, ఊరికే కూర్చుంటే పాట నడవదు కదండీ అంది. అంత మెల్లగా అన్న మాట నాన్నకి వినపడదనే ధైర్యంతో అంది.

"నాకు వినపడింది" అన్నారు రామచంద్రమూర్తిగారు, టెంక చీకుతూ. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుని ఉమాపతితో అన్నారు. "ఆదివారం మీ అమ్మగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి రా నాయనా. కూర్చుని మాట్లాడుకుందాం. డ్రమ్ములు మాత్రం తేకు."

"ఒక్కటి తేనివ్వండి నాన్నా" అంది అహల్య.

"ఏది?"

"పెద్దది. అందులో ఇంకా పళ్లున్నాయి."

ఆ ఒక్క లెక్క మీద మాత్రం ఉమాపతి బేరమాడలేదు.