నాన్న ఏరిన పురుగులు

ఆ రోజు కూతురికి సెలవు. కొత్త పురుగుమందు మీద రాసిన నివేదికను మధ్యాహ్నంలోగా పై అధికారికి పంపేస్తే ఏడాది శ్రమ గట్టెక్కినట్టే. అందులో పెట్టడానికి ఒక మంచి ఫొటో కావాలని, కాఫీ గ్లాసు పట్టుకుని తండ్రి క్యాబేజీ తోటలోకి నడిచింది.

మొక్కల్లో దొరికే వేల పదార్థాలను కంప్యూటర్లో పరీక్షించి, పురుగు పొట్టలో అరుగుదలను ఆపేది ఏదో వెతకడం ఆమె ఉద్యోగం. దొరికిన మందును తండ్రి చేత ఇంటి తోటలోనే ఆరు వరుసల మీద చల్లించింది. ఒక్క పురుగు కూడా లేదని ఆయన మూడు వారాలుగా ఫోన్లో చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ ఆరు వరుసల మధ్యే ఆయన వంగి, పురుగులను ఒక్కొక్కటిగా ఏరి డబ్బాలో వేస్తున్నాడు. పక్క వరుసలో తల్లి. కూతురిని చూడగానే ఆవిడ డబ్బాను వెనక్కి దాచుకుంది.

ఇవేవో నాలుగు మిగిలాయని తండ్రి నసిగాడు. తల్లి ఊరుకోలేకపోయింది. "నాలుగేంటి? మూడు వారాలుగా రోజూ ఇదే పని. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"నాకు అబద్ధం ఎందుకు చెప్పావు నాన్నా? రేపు నా రిపోర్టు నమ్మి పదిమంది చల్లితే వాళ్ల పంట ఏం కాను?"

ఆయన తలెత్తలేదు. "మొదటి వారమే చెప్పాను కదమ్మా, చావట్లేదని. కంప్యూటర్ తప్పు చెప్పదు, నువ్వే సరిగ్గా కలిపి ఉండవన్నావు. నా చేతిదే తప్పేమో అనుకున్నా. నా వల్ల నీ పేరు పోకూడదని..."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు ఆఫీసులో ఫోన్ స్పీకర్లో ఉంది. ఆమె మాటకు పక్కవాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తనను చదివించిన చేతికి బకెట్ నీళ్లలో మందు కలపడం రాదని అంది. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అసలు ఏం గమనించావని అప్పుడు, మొదటిసారి, అడిగింది. ఎండ పడే ఆకుల మీద మధ్యాహ్నానికే మందు పస పోతోందని, నీడలో ఆకుల అడుగున ఉన్న పురుగులు మాత్రం చచ్చాయని ఆయన చెప్పాడు. ఆమె కంప్యూటర్లో పురుగు ఉంది, మందు ఉంది. ఎండ లేదు.

అక్కడే నిలబడి అధికారికి ఫోన్ చేసింది. "సార్, రిపోర్టు పంపట్లేదు. పురుగులు పోయింది మందుతో కాదు, మా అమ్మానాన్నలు చేత్తో ఏరితే. తప్పు నాదే."

ఫోన్ పెట్టేసి, తల్లి చేతిలోని డబ్బా తీసుకుని వరుసలో కూర్చుంది. కన్నీళ్లలో ఆకులు మసకబారాయి. తండ్రి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అలా కాదమ్మా, ఆకును ఇలా తిప్పి చూడాలి."

ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. ఆయన చూపించినట్టే తిప్పింది.