రెండున్నర కిలోల రాగి తీగ

ఉదయం ఏడు కాకముందే మోటారు మెకానిక్ ఇల్లంతా మూడుసార్లు గాలించాడు. మంచాల కింద చూశాడు, బీరువా వెనక చూశాడు, చివరికి బట్టలుతికే మిషను వెనక కూడా టార్చి వేసి చూశాడు. కొత్త రాగి తీగ రీలు, రెండున్నర కిలోలది, పది రోజుల కిందట ముందుగదిలో బల్ల కింద తన చేత్తో తానే పెట్టినది, ఎక్కడా లేదు. ఆ ముందుగదే ఆయన షాపు. కాలిపోయిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టడం పాతికేళ్లుగా ఆయన పని.

"రెక్కలొచ్చి ఎగిరిపోయిందా అది?" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"మీరే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటారు," అంది భార్య, జడ బిగించుకుంటూ. ఆమె బస్సు డిపోలో విచారణ కౌంటర్లో పని చేస్తుంది. ఎనిమిదింటికల్లా అక్కడుండాలి.

"మొన్న మిక్సీ బాగుచెయ్యమని తెచ్చిన పెద్దావిడ మీద అనుమానంగా ఉంది నాకు."

"ఆవిడ మోకాళ్లతో మన మెట్లెక్కడమే గగనం. రెండున్నర కిలోలు చంకలో పెట్టుకుని పారిపోయిందంటారా?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. గోడ దగ్గర ఎవరో ఫోను తీసేసి వదిలేసిన చార్జరు కనిపించింది. ఒళ్లు మండింది. ఠక్కున స్విచ్ ఆపాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి ఈ ఇంట్లో? పని లేకుండా కరెంటు తిరగకూడదని."

నిజానికి ఆయన చిరాకు రీలు గురించీ కాదు, చార్జరు గురించీ కాదు. ఇవాళ గురువారం. ఆదివారం కూతురు కాలేజీకి వెళ్లిపోతుంది. లాప్‌టాప్ ఇంకా కొనలేదు. మూడు వారాలుగా చూస్తూనే ఉన్నారు, ఏదీ తెగలేదు. ఒక చోట కూర్చుంటే ఆయనకు కాళ్లు ఆగడం లేదు, నిలబడితే చేతులు ఆగడం లేదు.

కూతురు నోటుపుస్తకం పట్టుకుని గదిలోంచి వచ్చింది. ఇంట్లో ఆమెను ఫ్యూజు అంటారు. అయిదేళ్లప్పుడు వెలుతురు ఎక్కడ దాక్కుంటుందో చూద్దామని ఫ్యూజు ఊడబీకి, ఇల్లంతా చీకటి చేసిన ఘనత ఆమెది. ఆ రోజు ఆయన రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫ్యూజు ఎలా కట్టాలో నేర్పించాడు.

"వెళ్దామా నాన్నా?"

"కొన్నది నాలుగేళ్లు రావాలి. గుర్తుంచుకో. మధ్యలో ఇంకోటి కొనే మాటే లేదు."

"నేను కూడా అదే అంటున్నాగా."

ఆమె చేరబోయేది బొమ్మలను తెర మీద నడిపించే చదువు. మామూలు లాప్‌టాప్‌కు అంత శక్తి చాలదు. ఆటలు ఆడేవాళ్లు కొనే రకం కావాలి, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్నది. ఆ చదువు మీద ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. యంత్రం మీదే ఉంది.

కంప్యూటర్ల షాపాయన రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి పెద్దది, మందంగా, వెనక వేడి పోవడానికి బోలెడన్ని కంతలతో ఉంది. రెండున్నర కిలోలు. రెండోది సన్నగా, ఆమె నోటుపుస్తకం కంటే కాస్త పెద్దగా ఉంది. కిలోన్నర కంటే కొంచెం ఎక్కువ.

మెకానిక్ రెండింటి మూతలూ ఇరవైసార్లు తెరిచి మూశాడు. కీళ్లు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చార్జరు గుచ్చే చోట వేలితో కదిపి చూశాడు. షాపాయన ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"ఫ్యాన్లెన్ని?"

"రెండింట్లోనూ రెండేసి ఉన్నాయి సార్. పెద్దదాంట్లో కాస్త పెద్దవి."

సన్నదాని మీద ఏదో ఆట నడిపించమని అడిగి, పది నిమిషాల తర్వాత అడుగున అరచెయ్యి పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"చూశావా? మోటారు గానీ ఇది గానీ, చంపేది వేడే. పెద్దది తీసుకో."

"దీన్ని పూర్తి వేగంతో నడపను నాన్నా. కొంచెం తగ్గించి పెట్టుకుంటాను. మెమరీ తర్వాత పెంచుకోవచ్చు, బ్యాటరీ మార్చుకోవచ్చు. అన్నీ చూశాను. నాకిదే కావాలి."

"ఎందుకిదే?"

ఆమె నోటుపుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఆయన పక్కకు వెళ్లి భార్యకు ఫోను చేశాడు.

"దానికి నచ్చిందే కొనండి," అంది ఆమె. "కారణం ఉంటుంది."

"ఏం కారణం?"

"ఇక్కడ క్యూలో జనం ఉన్నారు," అని పెట్టేసింది.

సన్నదే కొన్నారు. దారి పొడుగునా ఆయన ఆ కారణమే వెతికాడు. సన్నగా, నాజూగ్గా ఉంటే నలుగురిలో గొప్పగా ఉంటుందని దీని ఆశ, అనుకున్నాడు. నా కూతురికి ఈ షోకు ఎప్పటినుంచి పట్టుకుందని బాధపడ్డాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ కార్డుకు ఫోటోలు దిగడానికి కూతురు బయటికి వెళ్లింది. లాప్‌టాప్ ఆమె బల్ల మీద ఉంది. మెకానిక్ ముందుగదిలో ఒక పంపు మోటారు విప్పుకుని కూర్చున్నాడు గానీ ధ్యాస దాని మీద లేదు. రెండుసార్లు లేచి వెళ్లి చూసొచ్చాడు. మూడోసారి స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లాడు.

ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువునూ ఆయన విప్పాడు. ఇస్త్రీ పెట్టె, ఫ్యాను, బట్టల మిషను, చివరికి గోడ గడియారం. లోపల ఏముందో చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకుని, మళ్లీ బిగించాకే దాన్ని వాడనిచ్చేవాడు. మూత తీయని వస్తువు ఆయన లెక్కలో ఇంకా షాపువాడిదే. ఒక్కసారి చూస్తే చాలు, పిల్లను నిశ్చింతగా పంపొచ్చు అనుకున్నాడు.

స్క్రూలన్నీ తీసి, ఏది ఎక్కడిదో తెలిసేలా కాగితం మీద వరసగా పేర్చాడు. ఒక స్క్రూ మీద చిన్న కాగితం అంటించి ఉంది. బ్లేడుతో కోసి తీసేశాడు. మూత వచ్చింది. లోపల అంతా శుభ్రంగా, ముచ్చటగా ఉంది. ఆయన మనసు కాస్త తేలికపడింది. అక్కడితో ఆగి ఉంటే పోయేది. ఫ్యానును వేలితో తిప్పి చూడకపోతే ఏ మోటారూ చూసినట్టు కాదు ఆయనకు. ఫ్యాను తీయాలంటే దాని ప్లగ్గు ఊడదీయాలి. తీగ పట్టుకుని లాగాడు.

ఊడి వచ్చింది. తిరిగి వెళ్లలేదు.

ఆవగింజంత ప్లగ్గు. అద్దాలు పెట్టుకున్నాడు, తీసేశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పాతికేళ్లుగా వెంట్రుకలాంటి తీగలు చుట్టిన వేళ్లకు అది దొరకలేదు. దొరికినట్టే దొరికి పక్కకు జారిపోయింది. చివరికి కూర్చున్నట్టే ఉందనుకుని మూత బిగించి ఆన్ చేశాడు. ఫ్యాను తిరగడం లేదని తెర మీద ఒక వాక్యం కనిపించి, లాప్‌టాప్ దానంతటదే ఆగిపోయింది.

వీధి తలుపు చప్పుడైంది.

"ఫోటోలు దారుణంగా వచ్చాయి నాన్నా," అంటూ వచ్చిన కూతురు, ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ చూసి ఆగిపోయింది. లాప్‌టాప్ ఆన్ చేసింది. అదే వాక్యం. ఆగిపోయింది.

"విప్పావా?"

"ఊరికే, లోపల చూద్దామని."

ఆమె దాన్ని తిరగేసి చూసింది. "ఇక్కడ సీలుండాలి."

"ఏదో కాగితం ముక్కుంటే కోశాను."

"అది గ్యారంటీ నాన్నా. మూడేళ్ల గ్యారంటీ. అది కోస్తే ఇక వాళ్లు ముట్టుకోరు." ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసింది. "ఎల్లుండి వెళ్లాలి నేను. మూత తీసి చూస్తే తప్ప దేన్నీ నమ్మవా నువ్వు? నేను మూడు వారాలు కూర్చుని చదివింది, చూసింది, దేనికీ విలువ లేదా?"

తప్పు తనదే. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినందుకే కోపం వచ్చింది.

"నిన్ననే చెప్పాను పెద్దది కొనమని. ఒక్క కిలో ఎక్కువ మోయలేవా? నలుగురిలో నాజూగ్గా కనబడాలనేగా నీ తాపత్రయం?"

ఆమె లోపలికి వెళ్లి తన పాత కాలేజీ సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల దడదడలాడింది. జిప్పు తీసింది.

లోపల రాగి తీగ రీలు ఉంది.

దాని పక్కన తాడుతో కట్టిన పాత చార్జరు ఒకటి. పైన ఆమె నోటుపుస్తకం పెట్టి, "చదువు," అని కిటికీ వైపు తిరిగి నిలబడింది.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. మెకానిక్ అద్దాలు సర్దుకుని చదివాడు. ధరలూ పేర్లూ ఉన్న పేజీలు తిరగేశాక, ఆఖరి పేజీలో ఇలా ఉంది:

'పెద్దది బరువు = నాన్న రీలు. చార్జరుతో కలిపి మూడుంబావు కిలోలు. శనివారం ఆరున్నర బస్సులో సీటు దొరకదు. మూడు గంటలు నిలబడాలి.

మొదటి రోజు: డిపో దాకా వెళ్లి వచ్చాను. భుజం పట్టేసింది.

మూడో రోజు: సంచి దించకుండా గంటన్నర నిలబడ్డాను. ఇంక నా వల్ల కాలేదు.

ఆరో రోజు: రెండు గంటలు. రాత్రి నడుం నొప్పి.

పెద్దది కొంటే నెలకోసారి ఇంటికి. తేలికది కొంటే ప్రతి వారం.'

'ప్రతి వారం' కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఆయన ఆ పేజీ మీద నుంచి కళ్లు ఎత్తలేకపోయాడు. నిన్న తాను ఇల్లంతా గాలించిన రీలు ఇన్నాళ్లూ ఈ పిల్ల వీపు మీద వీధులు తిరిగిందన్నమాట. ఇంటికి రావడానికి.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా, తల్లీ?"

"ఎలా చెప్పను? మోటారు తెచ్చిన ప్రతివాళ్లకీ నువ్వే చెప్పావుగా, మా అమ్మాయి ప్రతి వారం ఇంటికి పరిగెత్తుకొచ్చే రకం కాదని. నేనలాంటి రకమే నాన్నా. తెలిస్తే నీకు చిన్నతనంగా ఉంటుందనుకున్నాను."

ఆ మాట ఆయన అన్నాడు, నిజమే. కనీసం పదిమందితో అన్నాడు. అలా గట్టిగా అనకపోతే, ఆదివారం తర్వాత ఈ ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకుని ఎవరి ముందో ఏడ్చేసేవాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

"శనివారం బస్సుల టైములు నన్ను అడిగింది," అంది భార్య మెల్లగా. "మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది."

మెకానిక్ అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కళ్లు తుడుచుకోవడానికి అదొక వంక. "అందరికీ అలా చెప్పాను గానీ, నువ్వు వెళ్తున్నావంటే నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది విప్పింది కూడా అందుకే. నాది తప్పు. రోజూ వచ్చినా నాకు చిన్నతనం లేదు."

కూతురు కిటికీ దగ్గర నుంచి కదిలి వచ్చి ఆయన భుజానికి తల ఆనించింది. ఆ తర్వాత ఆయనే లేచి షాపులోంచి బల్ల దీపం తెచ్చాడు. మూత మళ్లీ తీశారు.

"నా వేళ్లు లావు. నువ్వు పెట్టు. నేను దీపం పట్టుకుంటాను. తీగ పట్టుకోకు, ప్లగ్గు తల పట్టుకో."

"మరి నువ్వు?"

"నేను తీగే పట్టుకు లాగాను. బయట ఎక్కడా అనకు, వ్యాపారం దెబ్బతింటుంది."

ఆమె ఏడుపు మొహంతోనే నవ్వింది. చిన్న పట్టకారుతో ప్లగ్గును నిటారుగా నిలిపి, గోటితో మెల్లగా నొక్కింది. టిక్కుమంది. ఆన్ చేస్తే సన్నటి గాలి చప్పుడు మొదలైంది. ఆయన కంతల దగ్గర చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

"గ్యారంటీ మాత్రం పోయినట్టే," అన్నాడు.

"పోతే పోయింది. ఇంక వారం వారం నీ దగ్గరికే తేవాలి," అంది ఫ్యూజు.

శనివారం పొద్దున టిఫిను కూడా తినకుండా ఆయన ఎటో వెళ్లిపోయాడు. గంట తర్వాత ఒక చిన్న పెట్టెతో వచ్చాడు. కూతురి గదిలోకి వెళ్లి, బల్ల పక్కన గోడకు ఏదో గుచ్చి, తీగను కాలికి తగలకుండా బల్ల కాలి వెంట చక్కగా కట్టాడు. సరిగ్గా అదే లాప్‌టాప్‌కు సరిపోయే ఇంకో చార్జరు అది.

"నీ చార్జరు హాస్టల్లోనే ఉంచు. ఇది ఇక్కడే ఉంటుంది," అన్నాడు. "ఏడు వందల గ్రాములు తగ్గినట్టే. తూచాను."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆదివారం బస్సు ఎక్కించి వచ్చాక ఇల్లు బోసిపోయింది. ఆయన రీలును బల్ల కింద దాని చోట పెట్టాడు. మళ్లీ తీసి ఒకసారి చేత్తో ఎత్తి బరువు చూసి, పెట్టేశాడు. చీకటి పడుతుంటే భార్య కూతురి గది సర్దడానికి వెళ్లింది. గోడ దగ్గర కొత్త చార్జరు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. ఆమె అలవాటుగా స్విచ్ మీద వేలు పెట్టింది.

"ఉండనీ," అన్నాడు మెకానిక్, వెనక నుంచి.

"ఊరికే కరెంటు తిరుగుతుందండీ."

"తిరగనీ. శనివారం వస్తుందిగా."

ఆమె ఆయన ముఖం చూసి వేలు తీసేసింది.